కొండ మీద నక్షత్రం ఎవరిది?

అలాస్కాలోని యాంకరేజ్ నగరంలో చలికాలం రాత్రిపూట తూర్పు దిక్కుకి చూస్తే కొండవాలు మీద ఒక నక్షత్రం కనబడుతుంది. దీపాలు వరసగా పేర్చి చేసిన అయిదు కోణాల చుక్క అది. వెడల్పు సుమారు 300 అడుగులు. నవంబరు ఆఖర్లో అమెరికావాళ్ళ థ్యాంక్స్‌గివింగ్ పండగ దాటగానే వెలుగుతుంది. మార్చిలో జరిగే ఇడిటరోడ్ కుక్కబండ్ల పందెంలో ఆఖరి బండి నోమ్ ఊరు చేరేదాకా వెలుగుతూనే ఉంటుంది. ఆ కొండ పేరు మౌంట్ గార్డన్ లయన్.

ఆ కొండ పక్కనే ఆర్కిటిక్ వ్యాలీ అనే చిన్న స్కీ మైదానం ఉంది. కాళ్ళకి పొడుగాటి పలకలు బిగించుకుని మంచువాలు మీద జారే ఆటకి ఏర్పాటు చేసిన చోటు. మనుషుల్ని పైకి మోసుకెళ్ళే రెండు చెయిర్ లిఫ్టులు, పలకల మీద నిలబడినవాళ్ళని వెనకనుంచి నెట్టుకుపోయే ఒక టీ-బార్, పిల్లలు గాలి ట్యూబుల్లో కూర్చుని జారే ఒక వాలు. ఇంతే. హోటలు లేదు, షాపుల వీధి లేదు. నడిపేది యాంకరేజ్ స్కీ క్లబ్. 1930లలో పుట్టిన ఈ క్లబ్‌కి లాభాపేక్ష లేదు. వచ్చే టికెట్టు డబ్బులూ సభ్యుల శ్రమదానమూ కలిస్తేనే లిఫ్టు తిరుగుతుంది.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో కూర్చుని ఆ కొండ పటమూ ఉపగ్రహ చిత్రాలూ చూస్తుంటే నాకు ఒకటి తర్వాత ఒకటిగా పొంతన కుదరని సంగతులు కనబడ్డాయి. ఇంత చిన్న ఆటస్థలానికి పదకొండు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఎవరు వేశారు? ఆ రోడ్డు సైనిక స్థావరం నేల మీదుగా ఎందుకు పోతుంది? శిఖరం మీద కిటికీల్లేని కాంక్రీటు కట్టడాలు ఎందుకున్నాయి? నక్షత్రం ఎవరిది? డబ్బు చేసుకునే ఆలోచనే లేనివాళ్ళ చేతికి ఇంత పెద్ద కొండ ఎలా వచ్చింది?

ఇవన్నీ ఒకే తాడుకి పడ్డ ముళ్ళని తెలియడానికి కొంత సమయం పట్టింది. మిరప, పత్తి తప్ప వేరే లోకం తెలియని ఊళ్ళో ఉండి ఎక్కడో మంచుకొండ సంగతి ఎందుకంటారేమో. ఊరుమ్మడి సొత్తు ఒకటి పుట్టడం ఒక ఎత్తు, దాన్ని పుట్టించినవాళ్ళు వెళ్ళిపోయాక కూడా బతకడం మరో ఎత్తు. మన ఊళ్ళలో చెరువుగట్లూ బడి ఆటస్థలాలూ పాడుబడ్డ పఠన మందిరాలూ చూస్తూ పెరిగిన మనిషికి ఈ రెండో సంగతి కన్నా తెలుసుకోవలసింది ఏముంది?

మొదటి ఆధారం రోడ్డే. నగరం నుంచి ఈశాన్యంగా పోయే గ్లెన్ హైవే దిగి కుడిపక్కకి తిరిగితే ఆర్కిటిక్ వ్యాలీ రోడ్డు మొదలవుతుంది. మొదట్లోనే మూస్ రన్ అనే గోల్ఫ్ కోర్సు. అది సైన్యానిది. దాన్ని దాటాక రోడ్డు అడవిలోంచి మెలికలు తిరుగుతూ దాదాపు 2,500 అడుగుల ఎత్తుకి, అంటే మన తిరుమల ఎత్తుకి కాస్త తక్కువగా, ఎక్కుతుంది. దోవ పొడుగునా నేల జాయింట్ బేస్ ఎల్మండార్ఫ్-రిచర్డ్‌సన్‌ది. విమానదళం వారి ఎల్మండార్ఫ్, పదాతిదళం వారి ఫోర్ట్ రిచర్డ్‌సన్ అని వేర్వేరుగా ఉండేవి 2010లో ఒకటయ్యాయి. రోడ్డు దిగి ఆ అడవిలో తిరగాలంటే సైన్యం అనుమతి కావాలి. రోడ్డు మీద మాత్రం ఎవరైనా వెళ్ళవచ్చు.

దీంతో ఒకటి తేలిపోయింది. క్లబ్ చందాలు పోగుచేసి వేయించిన రోడ్డు కాదిది. వేరొకరి అవసరానికి పుట్టిన రోడ్డు మీద క్లబ్ ప్రయాణం చేస్తోంది. ఆ అవసరం ఏమిటన్నదే ప్రశ్న.

శిఖరం మీది కట్టడాలు చూసి నేను మొదట ఒక జవాబు అనుకున్నాను. అది చెప్పేముందు ఆ కట్టడాల సంగతి వివరంగా చూడాలి. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది అవే.

కొండ మీద శిథిలాలు ఒక్కచోట లేవు. శిఖరాన ఒక గుంపు, అక్కడినుంచి బాగా కిందికి దిగాక ఇంకో గుంపు. పైన ఉన్నవి యంత్రాలు నిలబెట్టే దిమ్మలు, మనుషులు ఉండే పొడుగాటి భవనం. కింద ఉన్నవి మందమైన గోడలూ ఇనప తలుపులూ ఉన్న గిడ్డంగులు, వాటి చుట్టూ మట్టిదిబ్బల కట్టలు. ఎవరైనా ఇంత చలికొండ మీద కట్టడం కట్టాలంటే అన్నీ ఒక్కచోటే కడతారు. మంచు ఎత్తే చోటు తగ్గుతుంది, కాపలా తగ్గుతుంది, వేడి ఖర్చు తగ్గుతుంది. కావాలని రెండు ముక్కలుగా చీల్చి, మధ్యలో దూరం పెట్టారంటే ఆ దూరానికి పని ఉండాలి.

ఉంది. ఈ రెండు ముక్కల అమరిక నైకీ క్షిపణి స్థావరాల ముద్ర. అమెరికాలో నగరాల చుట్టూ కట్టిన నైకీ స్థావరాలన్నీ ఇలాగే ఉంటాయి. నైకీ క్షిపణికి తనంతట తాను లక్ష్యాన్ని వెతుక్కునే తెలివి లేదు. నేల మీదున్న రాడార్లే దానికి కళ్ళు. ఒక రాడార్ దూరంగా వచ్చే విమానాన్ని కనిపెడుతుంది. రెండోది ఆ విమానాన్ని వదలకుండా పట్టుకుంటుంది. మూడోది సొంత క్షిపణి వెనకాలే చూపు నిలుపుతుంది. కంప్యూటరు ఆ రెంటి దారులూ లెక్కగట్టి, ఎటు తిరగాలో ఎప్పుడు పేలాలో క్షిపణికి రేడియో ద్వారా చెబుతుంది. క్షిపణి లేచేటప్పుడు నిటారుగా, విపరీతమైన వేగంతో లేస్తుంది. మూడో రాడార్ దాని పక్కనే ఉంటే అంత వేగంగా తల ఎత్తి దాన్ని అనుసరించలేదు. దాదాపు ఒక కిలోమీటరు దూరాన ఉంటేనే కళ్ళు తిప్పే వ్యవధి దొరుకుతుంది. అందుకని రాడార్లు ఒకచోట, క్షిపణులు ఒకచోట. నేల చదునుగా ఉంటే రెండు చోట్లూ అటూ ఇటూ ఉంటాయి. ఇక్కడ కొండ కాబట్టి ఒకటి పైనా ఒకటి కిందా ఉన్నాయి.

రెండో సంగతి, గిడ్డంగులు నేల మీద ఉండడం. అమెరికాలో చాలాచోట్ల నైకీ క్షిపణుల్ని నేలమాళిగల్లో దాచి లిఫ్టు మీద పైకి తెచ్చేవారు. అలాస్కాలో అలా చేయలేదు. నేల మీదే మందపాటి కాంక్రీటు గదులు కట్టి, పట్టాల మీద క్షిపణిని బయటికి తోసేవారు. ఒక గదిలో ప్రమాదం జరిగితే పక్క గదికి అంటుకోకుండా మధ్యలో మట్టికట్టలు. ఉపగ్రహ చిత్రంలో చూసినా ఆ కట్టల వంపు కనబడుతుంది.

ఆ స్థావరం పేరు సైట్ సమ్మిట్. 1957లో కట్టడం మొదలై 1959లో పనిలోకి వచ్చింది. అక్కడున్నవి నైకీ హెర్క్యులిస్ రకం. పొడుగు నలభై అడుగుల పైమాట. వేగం శబ్దానికి మూడు రెట్లు మించి. అవసరమైతే అణ్వస్త్రం మోయగలవు. పిల్లలు ట్యూబుల్లో జారే వాలు ఎదురుగానే ఇవి కాపలా ఉండేవి.

ఎవరిమీద కాపలా? గోడకి వేలాడే ప్రపంచపటంలో అలాస్కా ఒక చివర, రష్యా మరో చివర. గోళం చేతిలోకి తీసుకుని పైనుంచి చూస్తే రెండూ పక్కపక్కనే. మధ్యనున్న బేరింగ్ జలసంధి వెడల్పు 85 కిలోమీటర్లు. మనకి గుంటూరు నుంచి ఒంగోలు ఇంతకన్నా దూరం. 1950లలో అమెరికా భయమంతా ఉత్తరధ్రువం మీదుగా వచ్చే సోవియట్ బాంబర్ల గురించే. అవి వస్తే ముందుగా తగిలే పెద్ద ఊళ్ళలో ఒకటి యాంకరేజ్. పక్కనే ఎల్మండార్ఫ్ విమానస్థావరం. అందుకే నగరానికి మూడు దిక్కుల మూడు నైకీ స్థావరాలు పెట్టారు. కొండ మీద సైట్ సమ్మిట్. సముద్రపు అంచున సైట్ పాయింట్. నిక్ ఆర్మ్ అనే సముద్రపు పాయకి ఆవల గూస్ బే దగ్గర సైట్ బే.

సైట్ సమ్మిట్‌కి ఇంకో ప్రత్యేకత ఉంది. పనిలో ఉన్న స్థావరం నుంచే అభ్యాసం కోసం నిజంగా క్షిపణులు పేల్చిన చోటు ఇది. ఇతర రాష్ట్రాల్లో నగరం పక్క స్థావరాల సైనికులు పేల్చి చూడాలంటే ఎడారి మైదానాలకి వెళ్ళేవారు. యాంకరేజ్‌లో మాత్రం 1960 నుంచి కొన్నేళ్ళపాటు కొండ మీంచే వదిలారు. జనం నగరంలోంచే చూశారు. నగరం పెరిగేకొద్దీ ఆ పని ఆగిపోయింది. ప్రత్తిపాడువాళ్ళకి ఇది అర్థం కాని విషయం కాదు. నలభై కిలోమీటర్ల దూరాన బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళం వారి స్థావరం ఉంది. అక్కడినుంచి సముద్రం మీదికి క్షిపణులు పేల్చి చూస్తారు. ఆ రోజుల్లో బెస్తవారిని వేటకి వెళ్ళొద్దంటారు. సూర్యలంకకి ఎదురుగా ఖాళీ సముద్రం ఉంది. సైట్ సమ్మిట్‌కి ఒకవైపు జనావాసం లేని కొండలు, ఇంకోవైపు ఎదిగే నగరం.

ఇక్కడిదాకా వచ్చాక ఎవరికైనా తోచే జవాబు ఇది: క్షిపణుల కోసం రోడ్డు వేశారు, రోడ్డు ఉంది కాబట్టి స్కీ మైదానం వచ్చింది, క్షిపణులు పోయాక మైదానం మిగిలింది. వినడానికి చక్కగా ఉంది. కానీ తేదీలు ఒప్పుకోవు.

సైట్ సమ్మిట్ పని మొదలైంది 1957లో. ఆర్కిటిక్ వ్యాలీలో మంచు మీద జారడం 1940లలోనే ఉంది. పాత పటాల్లో ఆ రోడ్డు పేరు స్కీ బౌల్ రోడ్. క్షిపణి రాకముందే ఆట వచ్చింది. అంటే ముడి మరో పదిహేనేళ్ళు వెనక్కి వెళ్ళి విప్పాలి.

1940లో ఏం జరిగింది? యాంకరేజ్ అప్పటికి చిన్న రైల్వే ఊరు. 1915లో షిప్ క్రీక్ ఏటి మూతి దగ్గర, అలాస్కా రైలుమార్గం కూలీల గుడారాలతో మొదలైంది. ఆ ఏరు దిగివచ్చేది ఆర్కిటిక్ వ్యాలీ వెనకనున్న కొండల్లోంచే. 1940లో ఫోర్ట్ రిచర్డ్‌సన్ కట్టడం ఆరంభమయ్యేసరికి వేలమంది సైనికులు దిగారు. 1942 జూన్‌లో జపాన్ విమానాలు అల్యూషన్ దీవుల్లోని డచ్ హార్బర్ మీద బాంబులు వేశాయి, జపాన్ సేనలు అట్టు, కిస్కా దీవుల్ని ఆక్రమించాయి. మరుసటేడు మే నెలలో అట్టు కోసం జరిగిన పోరులో చలికి కాళ్ళు పాడై చాలామంది అమెరికా సైనికులు కూలబడ్డారు. చలిప్రాంతంలో యుద్ధం చేయాలంటే సైనికుడికి మంచు మీద నడవడం, జారడం వచ్చి తీరాలని తెలిసొచ్చింది.

ఇంకో అవసరం కూడా ఉంది. యాంకరేజ్ 61వ ఉత్తర అక్షాంశం మీద ఉంది. మనం 16 మీద ఉన్నాం. డిసెంబరులో అక్కడ పగలు అయిదున్నర గంటలు. ఎక్కడో టెక్సస్ నుంచో జార్జియా నుంచో వచ్చిన ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఆ చీకట్లో బారక్‌ల్లో నెలల తరబడి కూర్చోలేరు. సైన్యం వాళ్ళకి ఆటలు ఏర్పాటు చేయాలి. రోడ్డు మొదట్లో కనిపించిన గోల్ఫ్ కోర్సు సంగతి ఇక్కడ అతుకుతుంది. వేసవికి గోల్ఫ్, చలికాలానికి స్కీ. ఒకే రోడ్డు మీద, ఒకే యజమాని పెట్టిన రెండు ఆటస్థలాలు. కింద మైదానం ఒకటి, పైన కొండవాలు ఒకటి. ఈ రోడ్డుకి మొదటి పని యుద్ధాభ్యాసమూ విహారమూ. క్షిపణి తర్వాత వచ్చిన రెండో పని.

ఇంత ఎత్తున ఎందుకు పెట్టారన్నది మరో ప్రశ్న. దీనికి జవాబు వాతావరణంలో ఉంది. యాంకరేజ్ సముద్రపు ఒడ్డున ఉంది. సముద్రం వైపునుంచి వెచ్చటి గాలి వీచిందంటే నడిచలికాలంలో కూడా ఊళ్ళో వాన పడి మంచు కరిగిపోతుంది. అదేరోజు 2,500 అడుగుల ఎత్తున మంచు కురుస్తుంది. ఈ తేడా ఎంత పెద్దదో 2016 మార్చిలో చూశారు. ఇడిటరోడ్ పందెం లాంఛనంగా మొదలయ్యే వీధుల్లో పరచడానికి యాంకరేజ్‌లో చాలినంత మంచు లేక, ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి రైలు పెట్టెల్లో మంచు తెప్పించారు. అలాస్కా నగరానికి మంచు దిగుమతి! అలాంటి చోట కాస్త ఎత్తులో వాలు దొరకడం ఎంత విలువైనదో 1940ల సైనికులకే తెలుసు. కానీ ఎత్తుకి రోడ్డు కావాలి, ఆ రోడ్డు మీది మంచు తీస్తూ ఉండాలి. అది చిన్న క్లబ్‌కి తలకి మించిన పని, సైన్యానికి మామూలు పని.

ఇప్పుడు క్లబ్ ఎలా చేరిందో చూద్దాం. ఇక్కడి ఆధారం కూడా జంటగానే దొరికింది. ఆర్కిటిక్ వ్యాలీలో ఒకప్పుడు రెండు స్కీ మైదానాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి సైన్యం వారిది, సైనికులకీ వారి కుటుంబాలకీ. రెండోది ఊరి జనానిది, యాంకరేజ్ స్కీ క్లబ్ నడిపింది. ఒకే రోడ్డు, వేర్వేరు లాడ్జీలు, వేర్వేరు లిఫ్టులు. ఇది తెలిశాక మిగతా లెక్క తేలిక. ఊరివాళ్ళలో చాలామంది బతుకు సైనిక స్థావరం మీదే. ఉద్యోగాలు అక్కడ, చుట్టరికాలు అక్కడ, దళం నుంచి విడుదలై అలాస్కాలోనే ఉండిపోయినవాళ్ళు అక్కడివాళ్ళే. స్థావరం గోడకి ఇవతలా అవతలా ఉన్నది ఒకే జనం.

1959 అన్నిటినీ ఒక్కచోట కలిపే ఏడు. ఆ జనవరి 3న అలాస్కా 49వ రాష్ట్రమైంది. ఆ ఏడే సైట్ సమ్మిట్ పనిలోకి వచ్చింది. అదే కాలంలో నగరానికి దక్షిణంగా గర్డ్‌వుడ్‌లో అలియెస్కా అనే పెద్ద స్కీ రిసార్టు తెరుచుకుంది. డబ్బు పెట్టి డబ్బు తీసే వ్యాపారం అక్కడికి పోయింది, అక్కడే పెరిగింది, హోటళ్ళు కట్టింది. ఆర్కిటిక్ వ్యాలీకి వ్యాపారి ఎవరూ రాలేదు. రావడానికి వీల్లేదు. కింద సైన్యం నేల, పైన క్షిపణులు, చుట్టుపక్కల ఇళ్ళస్థలాలు వేసి అమ్ముకునే అవకాశం సున్నా. 1970లో చుగాచ్ స్టేట్ పార్కు ఏర్పడి, సైన్యం నేలకి ఆవల ఉన్న కొండల్ని కాపాడింది. ఒకపక్క సైన్యం, ఒకపక్క పార్కు, మధ్యలో జనం ఆడుకునే వాలు. లాభం రాదని తెలిసినవాళ్ళే నడపగల స్థలం అది. ఈ మైదానం లాభాపేక్ష లేని సంఘం చేతిలో ఎందుకుందన్న ప్రశ్నకి సగం జవాబు ఇదే. రెండో సగం మనుషులది, దానికి వస్తాను.

ముందు నక్షత్రం. ఇది స్కీ మైదానం వాళ్ళ ప్రకటన అనుకోవడం సహజం. కానీ అది మైదానం వాలు మీద లేదు. సైట్ సమ్మిట్ పక్క వాలు మీద ఉంది. మొదలైన కాలం 1950ల చివర, అంటే స్థావరం కడుతున్న రోజులు. ఈనాటికీ దాని బల్బులు చూసుకునేది సైనిక స్థావరం ఇంజనీరింగ్ సిబ్బందే. చలికాలం మొదట్లో మంచులో వాలెక్కి, మాడిపోయిన దీపాలు మార్చి వెలిగిస్తారు. ఈ మూడూ కలిపితే సందేహం లేదు: కొండ మీద కాపలా కాసిన క్షిపణి సైనికులు పెట్టిన నక్షత్రం అది. మొదట చిన్నదిగా పెట్టారు, నగరానికి సరిగ్గా కనబడడం లేదని తర్వాత పెద్దది చేశారు.

ఆలోచిస్తే ఎంత విచిత్రమైన సంగతో చూడండి. శత్రువుకి కనబడకూడదని కాపలా కాసే స్థావరం, ఊరికి కనబడాలని దీపాల చుక్క వెలిగించింది. పండగరోజు ఇంటికి వెళ్ళలేని కుర్రాళ్ళు కిందనున్న ఇళ్ళకి పంపిన పలకరింపు అది. ఊరు దాన్ని తన సొంతం చేసుకుంది. కుక్కబండ్ల పందెంలో ఆఖరివాడు గమ్యం చేరేదాకా దీపం ఆర్పకూడదన్న నియమం సైనిక నిబంధనల్లోంచి వచ్చేది కాదు, ఊరి ఆచారంలోంచి వచ్చేదే. ఎంత వెనకబడ్డా ఆఖరి బండి కోసం దీపం పెట్టి ఉంచడం అక్కడివాళ్ళ మర్యాద.

తర్వాత 1964 మార్చి 27 సాయంత్రం వచ్చిన భూకంపం. తీవ్రత 9.2. దాదాపు నాలుగున్నర నిమిషాలు నేల ఊగింది. ఉత్తర అమెరికాలో కొలతకి అందినవాటిలో అంతకన్నా పెద్దది లేదు. యాంకరేజ్‌లో వీధులు కుంగిపోయాయి. సైట్ పాయింట్‌లో క్షిపణులు చోటు తప్పాయి, వాటిని ప్రాణాలకి తెగించి సర్దినవారు అక్కడి సైనికులే. ఆ స్థావరం సంగతి ఈ కథకి ఎందుకు కావాలంటే, చిక్కుముడి చివరి పోగు అక్కడే ఉంది.

1970లు వచ్చేసరికి బాంబర్ల భయం తగ్గింది. ఖండాలు దాటే క్షిపణులు వచ్చాయి, వాటిని నైకీ ఆపలేదు. 1974కల్లా అమెరికా ప్రధాన భూభాగంలో చాలా నైకీ స్థావరాలు మూతపడ్డాయి. అలాస్కా, ఫ్లోరిడా మాత్రం 1979 దాకా ఉన్నాయి. ఆ ఏడు సైట్ సమ్మిట్, సైట్ పాయింట్, సైట్ బే మూడూ ఖాళీ అయ్యాయి.

సైట్ పాయింట్ ఏమైందో చూస్తే ఆర్కిటిక్ వ్యాలీ ఒంటరి సంఘటన కాదని తెలుస్తుంది. అది కింకెయిడ్ పార్కు అయింది. క్షిపణి గిడ్డంగుల్లో ఒకదాన్నే మలిచి స్కీ ఆటగాళ్ళు వెచ్చగా కూర్చునే భవనం చేశారు. చుట్టూ అడవిలో కిలోమీటర్ల కొద్దీ స్కీ దారులు. అవి కొండ దిగే ఆట దారులు కావు, చదునులో పలకల మీద నడుచుకుంటూ పోయే ఆట దారులు. వాటిని రాత్రిళ్ళు యంత్రాలతో చదును చేసేది నార్డిక్ స్కీయింగ్ అసోసియేషన్ ఆఫ్ యాంకరేజ్. అదీ లాభాపేక్ష లేని సంఘమే, సభ్యుల చందాలే దానికి ఆధారం. ఊరికి రెండు పక్కలా రెండు క్షిపణి స్థావరాల నీడలో రెండు స్కీ స్థలాలు, రెండింటినీ నడిపేవి జనం సంఘాలే.

సైన్యం తన స్కీయింగ్ మానుకోలేదు. స్థావరం లోపలే హిల్‌బర్గ్ అని మరో చిన్న కొండ ఉంది, సైనికుల కుటుంబాలు అక్కడ జారుతున్నాయి. ఆర్కిటిక్ వ్యాలీలో సైన్యం వారి లాడ్జీ, లిఫ్టులు మాత్రం కాలక్రమాన మూతపడ్డాయి. క్లబ్‌ది నిలిచింది. పోయింది బలం ఉన్నవాడిది, నిలిచింది బలం లేనివాడిది. ఇది తలకిందుల లెక్కలా ఉంటుంది, కాని కారణం ఉంది. సైన్యానికి ఆ వాలు అనేక సౌకర్యాల్లో ఒకటి. బడ్జెట్టు తగ్గితే కొట్టేసే పద్దు. క్లబ్‌కి ఉన్నది అదొక్కటే. అదిలేకపోతే క్లబ్బే లేదు.

మనుషుల సంగతి ఇక్కడ వస్తుంది. లిఫ్టు తీగ, చక్రాలు చూసుకునేవాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళని మంచుపడవ మీద కిందికి దించే స్కీ పెట్రోల్ వాళ్ళు, టికెట్టు కోసేవాళ్ళు, వేసవిలో పొదలు నరికేవాళ్ళు, వీళ్ళలో చాలామంది జీతం తీసుకోనివాళ్ళు. మైదానం ఎక్కువగా వారాంతాల్లోనే తెరుస్తారు, ఎందుకంటే వాళ్ళకీ వారం మధ్యలో ఉద్యోగాలు ఉంటాయి. మధ్యలో కొన్నేళ్ళు ఆల్పెన్‌గ్లో అన్న కొత్త పేరు పెట్టి చూశారు. తర్వాత పాత పేరుకే వచ్చారు. స్కీ రానివాళ్ళ కోసం ట్యూబుల వాలు పెట్టారు. మన పిల్లలు కాలవల్లో లారీ ట్యూబుల మీద తేలినట్టే అక్కడి పిల్లలు మంచు మీద ట్యూబుల్లో జారుతారు. నేర్పే పని లేదు, పలకలు కొనే పని లేదు, అమ్మమ్మ కూడా కూర్చోవచ్చు. నాకు ఈ నిర్ణయం ఎంతో నచ్చింది. ఆట వచ్చినవాళ్ళ కోసం పుట్టిన సంఘం ఆట రానివాళ్ళకీ చోటు పెట్టింది.

మంచు లేని నెలల్లో కూడా ఆ స్థలానికి పని ఉంది. వేసవిలో రెండేవూ శిఖరం ఎక్కేవాళ్ళు కార్లు ఆపేది అక్కడే. ఆగస్టులో వాలంతా నేరేడు పండినట్టు బ్లూబెర్రీలు కాస్తాయి, జనం బకెట్లు పట్టుకుని వస్తారు. కారు ఆపినందుకు తీసుకునే చిన్న రుసుము, మంచు ఆలస్యమైన ఏడు కూడా ఖజానా పూర్తిగా ఎండిపోకుండా చూస్తుంది. సేద్యం చేసే ఊరివాడిని కాబట్టి ఇది నాకు చప్పున అర్థమైంది. ఒక్క పంట మీద బతికేవాడు ఒక్క చెడ్డ ఏడుకే మునుగుతాడు.

శిఖరం మీది శిథిలాలు ఏమయ్యాయన్నది ఒక్కటే మిగిలింది. 1996లో సైట్ సమ్మిట్‌ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. అయినా చలికి బీటలు వారి, గాలికి తలుపులు ఊడి, కూల్చేయాలన్న ఆలోచన దాకా పోయింది. అప్పుడు పట్టణంలోని చరిత్రాభిమానులూ ఒకప్పుడు అక్కడ పనిచేసిన నైకీ సైనికులూ కలిసి ఫ్రెండ్స్ ఆఫ్ నైకీ సైట్ సమ్మిట్ అనే సంఘం పెట్టారు. కొన్ని కట్టడాలు పోయాయి, ముఖ్యమైనవి నిలిచాయి. వేసవిలో వారాంతాలు వాళ్ళే వెళ్ళి పెచ్చులూడిన గోడలు బాగుచేస్తారు, రంగులు వేస్తారు. సైన్యం అనుమతితో జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తారు. కాబట్టి ఒకే కొండ మీద ఇప్పుడు రెండు లాభాపేక్ష లేని సంఘాలు ఉన్నాయి. ఒకటి జారే వాలు నడుపుతుంది, ఒకటి కాపలా కాసిన చోటుని కాపాడుతుంది.

మన ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు చాలామంది ఉన్నారు. అలాస్కా చూడాలనిపిస్తే వాళ్ళు ఓడ ప్రయాణాలు, హిమానీనదాలు చూసి వస్తున్నారు. యాంకరేజ్‌లో ఒకరోజు అదనంగా ఉంటే గ్లెన్ హైవే మీద ఆర్కిటిక్ వ్యాలీ రోడ్డు దగ్గర దిగండి. గోల్ఫ్ కోర్సు దాటేటప్పుడు అది ఎవరిదో గుర్తుచేసుకోండి. పైన లాడ్జీ ముందు నిలబడితే లిఫ్టు, శిఖరం మీది స్థావరం ఒకే చూపులో అందుతాయి. స్థావరం లోపలికి వెళ్ళాలంటే సొంతంగా వెళ్ళడానికి వీల్లేదు, వేసవి పర్యటనల్లో చోటు ముందే చెప్పుకోవాలి. చలికాలం వెళ్తే శని, ఆదివారాలు చూసుకుని వెళ్ళండి, పిల్లలుంటే ట్యూబుల వాలు తెరిచారో లేదో ముందురోజు కనుక్కోండి.